రెండు గుర్రాల ట్రైలర్ కొనాలి: ఫ్లోర్ ఏది గట్టిది? చెక్కా, అల్యూమినియమా, ప్లైవుడ్ మీద రబ్బరా?

పంచకల్యాణి:

అందరికీ నమస్కారం. రెండు గుర్రాలు పట్టే ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకుంటున్నాను. మా ఆడగుర్రం 480 కిలోలు ఉంటుంది, నెమ్మదస్తురాలు. రెండోది విత్తులు తీయించిన మగగుర్రం, 600 కిలోలకు దగ్గర, పొడగరి. ట్రైలర్ ఎక్కడైనా ఆగితే చాలు, ముందు కాలితో ఫ్లోర్‌ని దబదబా బాదుతాడు. అందుకే నా టెన్షన్ అంతా ఫ్లోర్ మీదే.

మూడు బండ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి స్టీలు ఫ్రేము, చెక్క ఫ్లోర్. పాతదే కానీ దిట్టంగా కనిపిస్తోంది. ఇంకోటి మొత్తం అల్యూమినియం, ఫ్లోర్‌తో సహా. మూడోది ప్లైవుడ్ మీద రబ్బరు షీటు అతికించినది, మూడింట్లోకీ అదే శుభ్రంగా ఉంది. అమ్మేవాళ్ళు ముగ్గురూ "ఫ్లోర్‌కి ఢోకా లేదండీ" అనే అంటున్నారు. పదేళ్ళు వాడుకోవాలంటే ఏది తీసుకోమంటారు? వెళ్ళినప్పుడు ఏమేం చూడాలి?

గాలిగుర్రం:

అల్యూమినియం. రెండో మాట లేదు. కుళ్ళదు, చెద పట్టదు, తుప్పు పట్టదు, బరువు తక్కువ. చెక్క ఫ్లోర్ కాలం ఎప్పుడో పోయింది అక్కా.

చిత్రిక:

రెండో మాట ఉంది తమ్ముడూ. నాది చెక్కపని కాబట్టి చెక్కని వెనకేసుకొస్తున్నానని అనుకోకు. చెక్క కుళ్ళుతుంది, నిజమే. కానీ చెప్పి మరీ కుళ్ళుతుంది. ముందు రంగు మారుతుంది, తర్వాత మెత్తబడుతుంది, ఆ తర్వాత కాలు వేస్తే వంగుతుంది. చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళకి బోలెడంత టైమిస్తుంది. పాడైన పలక విప్పేసి ఇంకోటి వేసుకోవచ్చు. దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, రంపం, రెంచీ చాలు.

పంచకల్యాణి గారూ, ఆ పాత బండిలో పలకల మందం కొలిచారా? రెండంగుళాలదని చెప్పేది చిత్రిక పట్టాక ఒకటిన్నర అంగుళమే తేలుతుంది. అది మామూలే. అంతకంటే పల్చగా ఉంటే మాత్రం ఒప్పుకోకండి. కింద అడ్డంగా వేసిన ఇనుప కమ్మీలు ఎంతెంత దూరంలో ఉన్నాయో కూడా టేపు పెట్టి చూడండి. ఒకటిన్నర అంగుళం చెక్కకి 16 అంగుళాలు దాటకూడదని నా లెక్క. మీ బాదుడుగాడి కోసమైతే 12 ఉంటే ఇంకా నిశ్చింత.

ఇనుపచువ్వ:

అన్న కమ్మీల మాట ఎత్తాడు కాబట్టి నేనూ దిగుతున్నాను. వెల్డింగ్ నా వృత్తి, ట్రైలర్ల మరమ్మతు చాలానే వస్తుంది నా దగ్గరికి. అందరూ పైన చెక్కా, రేకా అని కొట్టుకుంటారు. అది దేని మీద కూర్చుందో చూసేవాళ్ళు తక్కువ. పలక ఎంత మంచిదైనా కింద కమ్మీ తుప్పు తినేసి ఉంటే పలకతో సహా కిందికి పోవాల్సిందే.

బండి కిందికి దూరాలి. బట్టలు పాడవుతాయని వంగి టార్చి వేసి లేచిపోతే ఏమీ కనిపించదు. వెల్లకిలా పడుకుని కమ్మీ పై అంచు చూడండి, అంటే చెక్క ఆనే చోటు. తడి మట్టీ, లద్దె పొడీ అక్కడే చేరి ఆరకుండా ఉంటాయి. తుప్పు మొదలయ్యేది అక్కడ. తర్వాత కమ్మీ రెండు చివర్లు, పక్క రైలుకి (ఫ్రేము పక్కన పొడుగునా ఉండే ఇనుప దూలానికి) వెల్డ్ చేసిన చోటు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పొండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది చప్పగా పలికి పొరలు పొరలుగా రాలుతుంది. పైన ఎర్రగా పొడిపొడిగా ఉన్న తుప్పుకి భయపడక్కర్లేదు, బ్రష్షు కొట్టి ప్రైమర్ వేస్తే సరి. పొరలుగా ఊడుతోందంటే మాత్రం లోపల మందం పోయినట్టే.

కమ్మీ చదరపు ట్యూబు అయితే ఇంకో తిరకాసు ఉంది. అది లోపల్నుంచి తుప్పు పడుతుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. చివర నీళ్ళు పోయే రంధ్రం ఉందో లేదో చూడండి. ఆంగిలూ (L ఆకారం కమ్మీ), ఛానలూ (C ఆకారం కమ్మీ) అయితే ఏ దాపరికమూ ఉండదు, అన్ని వైపులా కంటికి కనిపిస్తుంది.

ఇంకో మాట. కింద కొత్తగా నల్లటి తారు పెయింట్ మందంగా కొట్టి ఉంటే సంతోషపడకండి. అమ్మకానికి ముందు కొట్టిన తారు ఎందుకు కొట్టారో అడగండి.

కొత్తరౌతు:

నేను తారు కొట్టిన బండిని "బాగా మెయింటెయిన్ చేశారు" అని మెచ్చుకుని వచ్చే టైపు 😄

లాడంమావయ్య:

పంచకల్యాణీ, నీ గుర్రాల్లో ఒకటి ఆడది, ఒకటి మగది అన్నావు కదమ్మా. అందులోనే నీకు సగం జవాబుంది. మగ గుర్రం మూత్రం పొట్ట కింద, అంటే గది మధ్యలో పడుతుంది. ఆడగుర్రానిది వెనక, తలుపు దగ్గర పడుతుంది. లాడాలు కొట్టడానికి వెళ్ళిన ప్రతి చోటా ట్రైలర్లు చూస్తూనే ఉంటాను. ఫ్లోర్ పాడైన మచ్చ చూసి ఆ గదిలో ఎవరు నిలబడేవాళ్ళో చెప్పేయొచ్చు. గుర్రాలు ఏటవాలుగా నిలబడే రకమైతే పిరుదుల వైపు గోడ వారన చూడాలి, తడి అంతా అక్కడికే చేరుతుంది.

ఇంకో సంగతి. నాకు తెలిసిన వాళ్ళ గుర్రం వెనక కాలు ఫ్లోర్‌లోంచి కిందికి దిగిపోయింది. అదృష్టం బాగుండి అప్పటికి బండి ఆగి ఉంది. డెక్క పైన తోలు ఒలిచినట్టు లేచిపోయింది గానీ ఎముకకి ఏమీ కాలేదు. కొని ఎంతో కాలం కాలేదు ఆ బండి. అమ్మినాయన కొత్త రబ్బరు మ్యాట్లు వేసి, గోడలకి రంగు కొట్టి ఇచ్చాడు. మ్యాటు ఎత్తితే కింద చెక్క చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉంది. పైన పటారం, లోన లొటారం. మ్యాటు ఎత్తనివ్వని వాడి దగ్గర బండి కొనకు తల్లీ, అంతే.

పంచకల్యాణి:

మావయ్యా, చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది. మ్యాట్లు ఎత్తకుండా కొనను. కానీ అవి ఎత్తగలిగేలా ఉంటాయా? భలే బరువుగా కనిపిస్తున్నాయి.

లాడంమావయ్య:

ముప్పావు అంగుళం మందంలో నాలుగడుగులకి ఆరడుగుల మ్యాటు 45 కిలోల దాకా తూగుతుంది. ఒక్కదానివి లేపలేవు. ఇంకొకరిని వెంట తీసుకెళ్ళు, ఒక మూల మడిచి పట్టుకుంటే రెండో మనిషి కిందికి చూడొచ్చు. అమ్మేవాణ్ణే పట్టుకోమను, మొహం ఎలా పెడతాడో అదీ చూడొచ్చు.

గాలిగుర్రం:

అందరూ చెక్క కుళ్ళడం గురించే చెప్తున్నారు. నేను చెప్పేదీ అదే కదా! అల్యూమినియం అయితే ఈ గోలే లేదు.

పశువైద్యం:

ఉంది గాలిగుర్రం గారూ, వేరే రకం గోల. అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, దాన్ని కాపాడేది అదే. ఆ పొర ఆమ్లానికీ కరుగుతుంది, క్షారానికీ కరుగుతుంది. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్యలో ఉన్నంత వరకే నిలకడగా ఉంటుంది. గడ్డి మేసే గుర్రం మూత్రం మామూలుగానే క్షారం వైపు ఉంటుంది. దానికి తోడు లద్దెలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. మూత్రం, లద్దె కలిసి మ్యాటు కింద రోజుల తరబడి ఉండిపోతే ఆ పొర పోయి లోహం గుంటలు పడుతుంది. తెల్లటి పొడి కనిపిస్తుంది చూడండి, అది అల్యూమినియం తుప్పే. ఎర్రగా ఉండదు కాబట్టి ఎవరూ తుప్పు అనుకోరు.

ఆ అమ్మోనియా ఫ్లోర్‌కే కాదు, గుర్రం ఊపిరితిత్తులకీ మంచిది కాదు. తల పైకి కట్టేసి దూరం తీసుకెళ్ళినప్పుడు గుర్రం తల దించి గొంతు శుభ్రం చేసుకోలేదు. పైగా ఘాటు గాలి పీలుస్తూ ఉంటే న్యుమోనియా వరకూ పోవచ్చు. ఫ్లోర్ కడగడం బండి కోసమే అనుకుంటారు చాలామంది.

వేడి మాట కూడా చెప్పాలి. అల్యూమినియం స్టీలుకంటే మూడు నాలుగు రెట్లు తేలిగ్గా వేడిని పైకి పంపిస్తుంది, చెక్కతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైనే. మండే ఎండలో తారు రోడ్డు మీద పోతుంటే కింది సెగ డెక్కల దాకా వస్తుంది. అల్యూమినియం ఫ్లోర్ మీద మందపాటి మ్యాటు లేకుండా గుర్రాన్ని ఎక్కించొద్దు. చప్పుడు సంగతి సరేసరి. బాదే అలవాటున్న గుర్రం తన చప్పుడుకి తనే బెదిరి ఇంకా బాదుతుంది.

గాలిగుర్రం:

మ్యాటు తీసి కడిగితే ఈ సమస్యలేవీ రావు కదండీ. నేను ప్రతి ట్రిప్పు తర్వాత మ్యాట్లు బయటికి లాగి పైపు పెట్టి కడిగేస్తాను. నా బండి ఫ్లోర్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

పశువైద్యం:

మీరు కడుగుతున్నారు కాబట్టి ఉంది. ఆవిడ కొనబోయే బండిని మీరు కడగలేదుగా 🙂

కొత్తరౌతు:

వంటసోడా చల్లితే మూత్రం విరిగిపోతుందని చాలాచోట్ల చదివాను. సున్నం కూడా చల్లుతారట. నిజమేనా డాక్టరు గారూ?

పశువైద్యం:

గుర్రం మూత్రం ఆమ్లం అనుకుని పుట్టిన సలహా అది. ఉన్నదే క్షారం వైపు ఉంటే దాని మీద ఇంకో క్షారం చల్లి ఏం విరుస్తాం? వంటసోడా మరీ తీవ్రమైనది కాదు కాబట్టి పెద్ద నష్టమూ లేదు, లాభమూ లేదు. తడి సున్నం మాత్రం అల్యూమినియాన్ని బాగా తినేస్తుంది, దాని జోలికి పోవద్దు. చక్రాలు మెరిపించే యాసిడ్ ద్రావకాలూ వద్దు. బోలెడు నీళ్ళు, కాస్త మామూలు సబ్బు, ఆ తర్వాత తలుపులన్నీ తెరిచి పూర్తిగా ఆరనివ్వడం. పూర్తిగా అన్నది ముఖ్యం.

చిత్రిక:

ఆరనివ్వడం చెక్కకి ఇంకా ముఖ్యం. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు పుట్టించే బూజు పెరగదు. చెక్క పలకల మధ్య సన్నటి సందులు వదిలేది అందుకే, నీళ్ళు కిందికి దిగిపోవాలి, గాలి ఆడాలి. కొందరు గుర్రం కాలు ఇరుక్కుంటుందని ఆ సందులు మైనంతోనో సిలికాన్‌తోనో పూడ్చేస్తారు. పావు అంగుళం సందులో డెక్క ఎలా ఇరుక్కుంటుందండీ?

పాత ఇంజన్ ఆయిల్ పూసేవాళ్ళు కూడా ఉన్నారు. అది జారుడు, గుర్రం ఒంటికి మంచిది కాదు, రబ్బరు మ్యాటుని ఉబ్బించి పాడుచేస్తుంది. దయచేసి పూయకండి.

ఇనుపచువ్వ:

పంచకల్యాణి గారూ, అల్యూమినియం బండి చూడ్డానికి వెళ్తే ఒక పని చేయండి. మ్యాట్లన్నీ తీయించి, మీరు లోపలికెళ్ళి తలుపులు వేయించుకోండి. చీకట్లో ఫ్లోర్ మీద చూస్తూ ఉండండి, వెంట వచ్చినవాళ్ళని కింద నుంచి టార్చి వేస్తూ మెల్లగా జరపమనండి. గుంటలు లోతుగా దిగి ఉంటే సూదిమొన ఆకారంలో చుక్కలు చుక్కలుగా వెలుతురు వస్తుంది. కంటితో పైన చూస్తే ఉత్త తెల్లమరకలా ఉండే చోటే అవి బయటపడతాయి.

ఆ తర్వాత వెల్డులు. అల్యూమినియంలో వెల్డు పక్కన లోహం బలం బాగా తగ్గుతుంది, వేడికి దాని టెంపర్, అంటే తయారీలో ఇచ్చిన గట్టిదనం పోతుంది. పైగా స్టీలుకున్నట్టు "ఇంత లోపు బరువైతే ఎన్నిసార్లు ఊగినా పర్వాలేదు" అనే గీత అల్యూమినియానికి లేదు. ఏళ్ళ తరబడి కుదుపులు తింటే ఎక్కడో ఒకచోట వెంట్రుకంత చీలిక మొదలవుతుంది. తలుపు కీళ్ళ స్తంభాలు, అడ్డ కమ్మీలు పక్కగోడకి కలిసే మూలలు, నడిమి పార్టిషన్ స్తంభం అడుగు, ఇవి గుడ్డతో తుడిచి చూడండి. చీలిక ఉంటే అందులో మురికి దిగి నల్లటి గీతలా కనిపిస్తుంది. దాన్ని ఎవరు పడితే వాళ్ళు అతకలేరు, అల్యూమినియం వెల్డింగ్ తెలిసిన మనిషి కావాలి.

ఇంకా కొన్ని బండ్లలో ఫ్రేము స్టీలు, ఫ్లోర్ అల్యూమినియం ఉంటుంది. రెండు లోహాలు నేరుగా తగులుకుని మధ్యలో ఉప్పునీళ్ళలాంటి తడి చేరితే అల్యూమినియం ముందు హరించుకుపోతుంది. మధ్యలో రబ్బరో, ప్లాస్టిక్ టేపో ఉందో లేదో చూడాలి.

కొత్తరౌతు:

ఇంత వింటే నడిచి వెళ్ళడమే మేలేమో అనిపిస్తోంది. రబ్బరూ ప్లాస్టిక్కూ కలిపి పోతపోసిన పలకలు కూడా వస్తున్నాయిగా, అవి ఎలా ఉంటాయి?

ఇనుపచువ్వ:

కుళ్ళవు, మూత్రానికి చలించవు, చప్పుడు చేయవు. కానీ చెక్కంత బిగువు ఉండదు, వేడికి సాగుతాయి, బరువూ ఎక్కువే. కమ్మీలు దగ్గర దగ్గరగా ఉన్న బండికి బాగుంటాయి. చెక్క కోసం చేసిన ఫ్రేము మీద అవే తెచ్చి పరిస్తే కమ్మీల మధ్య ఊయలలా కుంగుతాయి. అవి వేయాలంటే ముందు మధ్య మధ్యలో కొత్త కమ్మీలు వేయాలి.

పంచకల్యాణి:

వారాంతంలో మూడు బండ్లూ చూసొచ్చాను. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, టార్చి, సుత్తి, స్క్రూడ్రైవర్, చెక్కలో తేమ చూసే మీటరు అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాను. ఏదో దాడికి వచ్చినట్టు చూశారు.

ప్లైవుడ్ బండి: రబ్బరు అంచుల్లో సీలింగ్ రెండు చోట్ల లేచిపోయి ఉంది. వెనక గదిలో ఓ చోట అడుగు వేస్తే కొద్దిగా స్పంజిలా తగిలింది. ఒక మూల ఎత్తి చూపించమంటే "అతికించింది, ఎత్తితే పాడైపోతుంది" అన్నారు. కిందికి దూరి చూస్తే సరిగ్గా ఆ చోటే ప్లైవుడ్ నల్లబడి, పొరలు విడుతున్నాయి. మీటరు పొడిస్తే 31 చూపించింది. దండం పెట్టి వచ్చేశాను.

అల్యూమినియం బండి: ఇనుపచువ్వ గారు చెప్పినట్టే లోపల తలుపులు వేసుకుని కూర్చున్నాను. ముందు భాగమంతా చీకటే. వెనక కుడివైపు, గోడ వారన ఒక పలకలో మూడు చుక్కలు మెరిశాయి! ఓనరుకి కూడా తెలీదు, ఆయన్నీ పిలిచి చూపిస్తే పాపం నోట మాట రాలేదు. మిగతాదంతా బాగుంది, వెల్డుల్లో గీతలేవీ కనిపించలేదు. ధర తగ్గిస్తానంటున్నారు.

చెక్క బండి: మ్యాట్లు వాళ్ళే ఎత్తి చూపించారు. పలకలు నిలువునా, ముందు నుంచి వెనక్కి వేసి ఉన్నాయి, మందం ఒకటిన్నర అంగుళం. ఎడమ గదిలో వెనక తలుపు దగ్గర రెండు పలకలు మెత్తబడ్డాయి (ఆడగుర్రం గది అనుకుంటా, మావయ్య లెక్క ప్రకారం). స్క్రూడ్రైవర్ అర అంగుళం దిగింది. మిగతా పలకలు బూడిదరంగులో ఉన్నాయి కానీ స్క్రూడ్రైవర్ దిగలేదు. కమ్మీలు 12 అంగుళాలకి ఒకటి, ఛానల్ రకం. చివరి కమ్మీ ఒక్కటి పొరలు ఊడుతోంది, మిగతావన్నీ ఖంగుమంటున్నాయి. ఎత్తు ఏడున్నర అడుగులు, మా పొడగరికి సరిపోతుంది.

ఇప్పుడేం చేయమంటారు?

ఇనుపచువ్వ:

చెక్క బండి. చివరి కమ్మీ కోసేసి కొత్తది వెల్డ్ చేయడం నాలాంటివాడికి ఒక పూట పని. అది ఎందుకు పాడైందో తెలుస్తూనే ఉంది, పైన ఆ రెండు పలకలు తడి పట్టి కూర్చున్నాయి. పలకలన్నీ తీశాక మిగతా కమ్మీల పై అంచు కూడా చూసి, గీకి, జింక్ ప్రైమర్ వేయించండి. మళ్ళీ ఆ అవకాశం చాలా ఏళ్ళకి గానీ రాదు.

గాలిగుర్రం:

నేను అల్యూమినియమే తీసుకునేవాణ్ణి. ఒక్క పలకే కదా, మార్పించుకుంటే అయిపోతుంది.

ఇనుపచువ్వ:

ఆ పలకలు ఒకదానిలో ఒకటి గాడి పెట్టి బిగించి, పైగా వెల్డ్ చేసి ఉంటాయి తమ్ముడూ. మధ్యలో ఒకటి తీయాలంటే పక్కవి కదలాలి. చేయలేమని కాదు, చేసేవాణ్ణి వెతకడమే పెద్ద పని. ఇంకా మూడు చుక్కలు బయటపడ్డాయంటే వాటి చుట్టూ కాగితంలా పల్చబడ్డ చోట్లు ఎన్నో ఉంటాయి, వాటిలోంచి ఇంకా వెలుతురు రాలేదంతే.

గాలిగుర్రం:

సరే, ఈసారికి ఒప్పుకుంటున్నా. అల్యూమినియం మీద కాదు, ఆ బండి మీద.

పశువైద్యం:

ఏ బండి తీసుకున్నా టైర్లు చూడటం మరవకండి. ఫ్లోర్ గొడవలో పడి టైర్లు మర్చిపోతారు. ట్రైలర్ టైర్లు అరిగి కాదు, ముదిరి పేలతాయి. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. అయిదారేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి.

పంచకల్యాణి:

టైర్లు పాతవే, మార్చాలి. ఆ మాట మీదే కాస్త తగ్గించారు. చెక్క బండికి అడ్వాన్స్ ఇచ్చేశాను!

చిత్రిక గారూ, ఇక మీదే భారం. పాడైన రెండు పలకలు మార్చనా, మొత్తం మార్చనా? ఏ చెక్క వేయమంటారు?

చిత్రిక:

శుభం. మిగతా పలకల్ని ముందు ఒక పరీక్ష పెట్టండి. స్క్రూడ్రైవర్ మొన అడ్డంగా గుచ్చి ఒక పేడు పైకి లేపండి. మంచి చెక్క అయితే చిటచిటమంటూ పొడుగాటి పేడు లేస్తుంది. లోపల కుళ్ళు మొదలైన చెక్క చప్పుడు లేకుండా పుటుక్కున పొట్టిగా విరిగిపోతుంది. పైకి గట్టిగా ఉన్నా ఇది అబద్ధం చెప్పదు. ముఖ్యంగా కమ్మీ మీద ఆనే చోట, అంటే అడుగు వైపు చేయండి. ఒక్కటి ఫెయిలైనా మొత్తం మార్చేయండి, ఎలాగూ కమ్మీలకి రంగు కోసం అన్నీ తీయాల్సిందే.

చెక్క సంగతి. కుళ్ళకుండా మందు ఎక్కించిన పైన్ తేలిగ్గా దొరుకుతుంది, ఈ పనికి చాలు. ముడులు తక్కువున్నవి ఏరుకోండి. మందు పీల్చేది చేవ (మాను నడిమి గట్టి చెక్క) కాదు, చుట్టూ ఉండే తెల్ల చెక్క. అందుకే మామూలుగా చేవ మంచిదని ఎగబడే మనం ఇక్కడ మాత్రం తెల్ల చెక్క ఎక్కువున్న పలక తీసుకోవాలి. మందు లేకుండా కావాలంటే చేవ దేరిన టేకు గానీ తెల్ల ఓక్ గానీ వేసుకోవచ్చు. ఓక్ అని ఎర్ర ఓక్ అంటగడతారు, చూసుకోండి. చిన్న ముక్క తీసి ఒక చివర నీళ్ళలో ముంచి రెండో చివర నుంచి గట్టిగా ఊదితే ఎర్ర ఓక్‌లో బుడగలు వస్తాయి. అంటే నీళ్ళు కూడా అలాగే లోపలికి పోతాయన్నమాట. తెల్ల ఓక్‌లో ఆ దారులు మూసుకుపోయి ఉంటాయి.

మందు చెక్క కోసిన ప్రతి చివరా మళ్ళీ మందు పూయాలి. కోత దగ్గర లోపలి చెక్క బయటపడుతుంది, అక్కడికి ఫ్యాక్టరీ మందు చేరి ఉండదు. కుళ్ళు మొదలయ్యేదీ ఆ చివరల్లోనే. బోల్టు కోసం కొట్టిన రంధ్రాలకీ అంతే.

కొత్తరౌతు:

మందు చెక్క అంటే ఆర్సెనిక్ ఉంటుంది కదా అన్నా? గుర్రం కొరికితే?

చిత్రిక:

పాత రకం మందులో రాగి, క్రోమియంతో పాటు ఆర్సెనిక్ ఉండేది. అమెరికాలో 2003 తర్వాత ఇళ్ళ వాడకానికి ఆపేశారు. ఇప్పుడు అక్కడ మామూలుగా దొరికే వాటిలో ఆర్సెనిక్ బదులు రాగి పాలు ఎక్కువ పెట్టారు. ఫ్లోర్ మీద మ్యాటు ఉంటుంది కాబట్టి నోటికి అందదు. గోడలకీ, మేత తొట్టి దగ్గరా మాత్రం మందు చెక్క వాడొద్దు. పాత పలకలు తీశాక పొయ్యిలో పెట్టొద్దు కూడా, ఏ మందో మనకి తెలీదు.

ఇనుపచువ్వ:

ఆ రాగి నాకు పడదు. రాగి మందున్న తడి చెక్క మామూలు ఇనుముని త్వరగా తినేస్తుంది, అల్యూమినియాన్నయితే మరీను. బోల్టులు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వి (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి) గానీ స్టెయిన్‌లెస్‌వి గానీ వాడాలి. దుకాణంలో మెరిసే పసుపు పూత బోల్టులు ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. కమ్మీ పై అంచు మీద చెక్క ఆనే చోటంతా తారు టేపు ఒక పట్టీ అతికించండి. ఇనుముకీ చెక్కకీ మధ్య అదే అడ్డు.

పంచకల్యాణి:

పేడు పరీక్షలో ఇంకో పలక పుటుక్కుమంది. మొత్తం మారుస్తున్నాను. పాత పలకలు బయటికి లాగితే కమ్మీల మీద వేలు మందాన మట్టి, గడ్డిపరకలు. ఎండిన లద్దె అయితే చెక్కు కట్టి ఉంది. మా తమ్ముడు పుట్టీ కత్తితో గీకుతూనే ఉన్నాడు.

రెండు సందేహాలు. కొత్త పలకలు ఇంకా పచ్చిగా, బరువుగా ఉన్నాయి. వాటి మధ్య పావు అంగుళం సందు వదలాలా? బోల్టు తలలు పైకి ఉంటే మ్యాటు కింద తగలవా?

చిత్రిక:

మందు ఎక్కించి కొత్తగా వచ్చిన పచ్చి చెక్క అయితే సందు వదలకుండా దగ్గరగా కొట్టేయండి, ఎండేకొద్దీ ముడుచుకుని సందు దానంతటదే వస్తుంది. ఇప్పుడే పావు అంగుళం వదిలితే ఆ తర్వాత అర అంగుళం అవుతుంది. ఎండబెట్టిన చెక్క అయితే మాత్రం వదలాలి.

గుండ్రటి తల బోల్టు వాడి, తల మునిగేంత వరకే గుంట తొలవండి, అంతకంటే లోతు వద్దు. గుంటలో నీళ్ళు నిలుస్తాయి, పలక మందం కూడా అక్కడ తగ్గిపోతుంది. కింద వెడల్పాటి వాషరు వేసి నట్టు బిగించండి. చెక్క ఎండాక నట్లు వదులవుతాయి కాబట్టి రెండు మూడు నెలలకి ఒకసారి కిందికి దూరి మళ్ళీ బిగించుకోవాలి.

లాడంమావయ్య:

ర్యాంపు చూశావా అమ్మా? ర్యాంపు లోపలా చెక్కే ఉంటుంది, దాని మీద రబ్బరు అతికించి ఉంటుంది. ఫ్లోర్ మార్చి ర్యాంపు వదిలేసేవాళ్ళే ఎక్కువ. 600 కిలోలవాడు వెనక్కి దిగేటప్పుడు బరువంతా రెండు కాళ్ళ మీదే వేస్తాడు.

పంచకల్యాణి:

చూడలేదు మావయ్యా. రేపు కీళ్ళ దగ్గర స్క్రూలు విప్పి చూస్తాను, మీటరు కూడా పెడతాను.

ఇనుపచువ్వ:

విప్పే ముందు ర్యాంపు స్ప్రింగు బిగువు తీసేయండి. బిగువు మీదున్న స్ప్రింగు ఊడితే చెయ్యి విరుగుతుంది. ర్యాంపు పూర్తిగా లేపి తాళం వేశాక వదులు చేయాలా, దించాక చేయాలా అన్నది స్ప్రింగు రకాన్ని బట్టి ఉంటుంది. ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.